ఉరుకుతూ విసిరిన కాయ

విసురు 309

పట్టింది.

ఈ పుస్తకంలో అంతకుమించి రాయక్కర్లేదని కమిటీవాళ్లు చెప్పారు. పట్టింది, పట్టలేదు, ఈ రెంటిలో ఒకటి రాసి సంతకం పెడితే చాలట. ఇన్నాళ్లూ అలాగే రాశాను. ఈమధ్య నాకు వాగుడు ఎక్కువైంది. గుడిసెలో వినే మనిషి లేదు, పుస్తకంలో జాగా బోలెడుంది. ఓపిక లేనివాళ్లు మొదటి మాట చదివి పేజీ తిప్పేసుకోండి, నేనేమీ అనుకోను.

పొద్దున్నే లేచి చెప్పులకు టైరు ముక్కలు అంటించుకున్నాను. పాదాలకు ఆముదం రాసి తడిగుడ్డ చుట్టాను. మట్టిగుట్ట దిగి పెంకు అంచున నిలబడి రాళ్లు విసిరాను. పెంకు అంటే అడుగున కాలుతున్న బొగ్గుకూ మాకూ మధ్య మిగిలిన నేల. గట్టిగా ఉన్నచోట రాయి టక్కుమంటుంది. లోపల కాలి డొల్లైపోయిన చోట డప్పులా మోగుతుంది. డప్పు మోగిన చోట అడుగు పెట్టకూడదు, మోగని చోట నిలబడకూడదు. ఉరికే మనిషిని పెంకు మోస్తుంది, ఆగిన మనిషిని మోయదు. వేడి పెనం మీద నీటిబొట్టుకు గెంతుతున్నంతసేపే ప్రాణం. మాదీ అంతే.

పెంకు మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి నెర్రె పడింది. నెర్రెకు తూర్పున మా మట్టిగుట్ట, పడమట పాత దవాఖాన. అడుగున ఎర్రగా మండుతూ, ఎక్కుడు మీదున్న లారీలా రొద చేస్తూ ఉంటుంది. ఎంత అరిచినా అవతలికి వినబడదు. మొదట్లో దూకే వెడల్పే ఉండేది. దూకగలిగినవాళ్లంతా ఇటు దూకేశారు. దూకలేనివాళ్లు దవాఖాన హాలులో ఉండిపోయారు, వాళ్లను వదల్లేనివాళ్లు వాళ్లతోపాటు ఉండిపోయారు. నా చెల్లెలు లసుమ రెండో రకం. మొగుడు గట్టయ్య మంచం దిగలేడు. "ముందు నువ్వు దుంకక్కా, నేను ఎనుక ఒస్త" అంది. ఆ వెనక ఇంతవరకూ రాలేదు. హాలుకు మిగతా మూడు వైపులా మంటే.

హాలులో ముప్పై మంది దాకా ఉన్నారు. బావి ఉంది, గోదాము నిండా బియ్యం ఉన్నాయి. లేనిది గాలే. పొగను వడకట్టే మిషన్ ఒకటి నడుస్తుంది, దానికి వారం వారం కొత్త జల్లెడ వెయ్యాలి. అది మా దగ్గర జుబేదా బొగ్గుగుడ్డతో కుట్టి, చుట్టచుట్టి, రెండు కొసలూ సన్నగా ఉన్న రబ్బరు సంచిలో పెడుతుంది. అదే కాయ. దాన్ని అవతలికి చేర్చడానికి తీగలు కట్టి చూశారు, స్తంభాలు కుంగిపోయాయి. డ్రోన్లు పంపి చూశారు, నెర్రె మీది వేడిగాలికి మిడతల్లా రాలిపోయాయి. చివరికి మిగిలింది నా చెయ్యి. బడిలో హ్యాండ్‌బాల్ ఆడిన పాపానికి నాకీ ఉద్యోగం వచ్చింది. లసుమ మా గోల్‌కీపరు.

ఈ పొద్దు కాయ ఆమె రొమ్ముకు నేరుగా తగిలింది. రెండు చేతులతో అదుముకుని, ఆగకుండా ఉరికి గట్టెక్కింది. గుండె మీద అరచెయ్యి పెట్టి చూపించింది. పట్టినట్టు గుర్తు. హాలు కప్పు మీద దీపం పసుపు నుంచి పచ్చకు మారింది. అది చూశాకే నేను జావ తాగుతాను.

విసురు 310

పట్టింది.

కానీ తిరిగొస్తుంటే మా దక్షిణపు దారి కూలిపోయింది. పెంకు మీదికి ఉరుకు అందుకుంటూ దిగడానికి మాకున్న ఏటవాలు దారి అదే. ఎక్కడానికైతే ఎక్కడో ఒకచోట గట్టు పట్టుకుని పాకొచ్చు. దిగడానికి మాత్రం దారి కావాలి. నడిచి దిగితే పెంకు మింగేస్తుంది.

ఇక మిగిలింది ఉత్తరపు దారి. అంటే ఇకమీదట దక్షిణానికి ఉరకాలి. అయితే ఏమిటంటారా? చెబుతాను.

ఉరుకుతూ విసరడం చేతి పని అనుకుంటారు జనం. అది నడుం పని. నేను కుడిచేతిదాన్ని. ఉత్తరానికి ఉరుకుతుంటే నెర్రె నా ఎడమన ఉంటుంది. కుడిచెయ్యి వెనక్కి పోగానే ఎడమ భుజం దానంతటదే లసుమ వైపు తిరుగుతుంది. పని సగం అక్కడే అయిపోతుంది. దక్షిణానికి ఉరికితే నెర్రె కుడిపక్కకు వస్తుంది. కాళ్లు ఒక దిక్కుకు పోతుంటే నడుం పూర్తిగా మెలిపెట్టి ఇంకో దిక్కుకు విసరాలి. మేం దాన్ని ఎడ్డవైపు అంటాం. మా హ్యాండ్‌బాల్ సారు ఎడ్డవైపు నుంచి విసరొద్దని బెత్తం చూపించేవాడు. ఆయన ఇప్పుడుంటే నెర్రెకు బెత్తం చూపించమనేదాన్ని.

ఒక మేలు మాత్రం ఉంది. ఎటు ఉరికినా లసుమ అవతల నాతో సరిగ్గా జోడుగా ఉరుకుతుంది. నేను గట్టు దిగగానే ఆమె దిగుతుంది. నా వేగమే ఆమె వేగం. అందుకని ముందుకో వెనక్కో గురి చూడాల్సిన పని లేదు. ఆమె ఎక్కడుంటే అక్కడికే, సూటిగా రొమ్ముకే విసరాలి. నా ఉరుకు కాయలోకి ఎక్కి దాన్ని ఆమెతోపాటే ముందుకు తీసుకుపోతుంది. మా ఇద్దరి మధ్య నియమం కూడా ఒకటే. ఒకరు ఉరికితే రెండోవాళ్లు ఉరకాలి. జ్వరమున్నా, గట్టయ్య దగ్గి దగ్గి నెత్తురు కక్కుతున్నా సరే. పట్టేది మాత్రం ముందు అడుగు వెయ్యకూడదు. విసిరేది దిగాకే దిగాలి. ఈ నియమం తప్పిన రోజు ఒక్కటీ లేదు.

విసురు 311

పట్టలేదు.

ఎడ్డవైపు. నడుం చాలినంత తిరగలేదు. కాయ నెర్రెలో పడింది. జుబేదా ఇంకో కాయ ఇచ్చింది. మర్నాడు అది కూడా వంకరగా పోతే లసుమ ఒక్క చేత్తో కొస పట్టుకుని లాక్కుంది. దాన్ని వేరే అంకె వెయ్యకుండా ఇక్కడే రాస్తున్నాను. కమిటీవాళ్లు తిట్టుకోనీ.

నెర్రె కూడా వెడల్పవుతోంది. అవతలి అంచున ఎర్రటి బండ ఒకటి ఉండేది, నా గురికి ఆనవాలు. ఇవాళ అది లేదు.

విసురు 312

పట్టింది. ఎలా పట్టిందో మల్లన్నకే తెలియాలి.

సాయంత్రం మేస్త్రి రాజలింగన్న పిలిచాడు. మా గుట్ట మీద ఇనుము పని ఏదైనా ఆయనదే. పాత తెర ఒకటి బాగుచేసి అందులో ఏవో బొమ్మలు చూస్తున్నాడు.

"ఓదెక్కా, ఇటు రా. గీ ఆట జూడు. నీ అసొంటోళ్లే."

ఎక్కడో దూరదేశపు ఆట. నెత్తికి టోపీలు, భుజాలకు దిండ్లు కట్టుకున్న మగవాళ్లు. వాళ్ల బంతి అచ్చం మా కాయే, రెండు కొసలూ సన్నగా ఉంది. ఒకడు బంతి పట్టుకుని నిలబడతాడు. మిగతావాళ్లు వాడి మీద పడతారు. వాడు పక్కకు ఉరుకుతూ, ఎక్కడో దూరంగా ఉరుకుతున్న తనవాడికి విసరాలి. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. కుడిచేతివాడు కుడిపక్కకు ఉరికితే బంతి బాగా పోతోంది. ఎడమకు ఉరికితే వాడికీ నాకున్న తిప్పలే. నవ్వొచ్చింది. వాళ్లు పడితే గడ్డిమీద పడతారు, లేచి దులుపుకుంటారు. అంతే తేడా.

"సూసినవా? గింత మొనగాళ్లు గూడ ఉరుకుతుంటే ఎక్కువసార్లు తప్పుతుండ్రు. కుదురుగ నిలవడ్డప్పుడు జూడు, గురి ఎట్ల తగుల్తందో" అన్నాడు రాజలింగన్న.

ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది.

"అన్నా, నాక్కూడ నిలవడే జాగా చెయ్యి" అన్నాను.

"యాడ?"

"నెర్రె అంచుకు. బాయిలరు రేకులున్నయి గద. కింద ఇటుకలు పేర్చి, తడిసంచులేసి, గద్దె లెక్క ముంగటికి తొయ్యుర్రి. జరసేపు నిలిస్తె సాలు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఎన్నడన్న నిలవడి ఇసిరినవా నువ్వు? నీ పెయ్యికి అలవాటు లేదక్కా."

నాకు కోపం వచ్చింది. "పరిగెత్తి పాలు తాగుడు కంటె నిలవడి నీళ్లు తాగుడు నయమంటరు. నాకు పాలద్దు. మా లసుమకు కాయ అందితే సాలు" అన్నాను.

ఆయన తెర ఆపి, బాయిలరు రేకులు లెక్కపెట్టడానికి లేచాడు.

విసురు లేదు

రెండు కబుర్లు, రెండూ చెడ్డవే.

బోర్డువాళ్లు మా గుట్ట కూడా ఖాళీ చెయ్యమన్నారు. నెలాఖరుకు లారీలు వస్తాయట. దవాఖానవాళ్ల సంగతేమిటని అడిగితే "పరిశీలనలో ఉంది" అని రాసిన కాగితం ఇచ్చారు. ఆ కాగితాన్ని చెప్పు అడుగున పెట్టుకున్నాను, మందంగా బాగుంది.

రెండోది జుబేదా చెప్పింది. "ఓదెక్కా, బొగ్గుగుడ్డ అయిపాయె. ఇగ మూడే కాయలు. అడిగిన, మొత్తుకున్న. ఖాళీ జేసే ఊరికి సామాను ఎందుకంటుండ్రు."

మూడు కాయలంటే మూడు వారాల ఊపిరి. కానీ మూడు వారాలు నెర్రె ఆగదు. వచ్చే వారానికే నా చేతికి అందని వెడల్పయిపోతుంది. కాబట్టి మూడూ ఒకే రోజు విసిరెయ్యాలి. ఎలాగూ గద్దె నిలిచేది ఒక్క పొద్దేనని రాజలింగన్న లెక్క తేల్చాడు.

గుట్ట మీద స్తంభం పాతించి, నిలబడి రాళ్లు విసిరి చూసుకున్నాను. విసిరిన ప్రతి రాయీ స్తంభానికి తగిలింది. రాజలింగన్న మొహం వెలిగింది. నాకూ చాలా రోజుల తర్వాత ఆకలేసింది, రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను. ఎన్నాళ్లకో ఒక పని కుదురుగా నిలబడి చెయ్యబోతున్నానన్న సంతోషం. స్తంభం ఉరకదన్న ఆలోచన నాకు రాలేదు. ఎవరికీ రాలేదు.

గట్టు మీది నుంచి లసుమకు సైగలు చేశాను. రేపు పొద్దున, మూడు కాయలు, నేను నిలబడి విసురుతాను. మూడు వేళ్లు చూపి, రెండు కాళ్లూ దగ్గరపెట్టి నేల మీద గట్టిగా తన్ని చూపించాను. అర్థమైంది. నన్ను వెక్కిరిస్తూ ఆమె కూడా నేల తన్నింది. చిన్నప్పటి నుంచీ దానికదే అలవాటు, నేనేం చేస్తే అది చేసి చూపిస్తుంది.

విసురు 313, 314, 315

పట్టలేదు. పట్టలేదు. పట్టలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయకపోతే నాకు నిద్ర పట్టదు, రాసినా పట్టదు.

తెల్లవారగానే రాజలింగన్నా ఇంకో నలుగురూ గద్దెను గట్టు మీది నుంచి నెర్రె అంచు దాకా తోశారు. తడిసంచుల నుంచి ఆవిర్లు లేచాయి. నేను రేకుల మీద నడిచి వెళ్లి నిలబడ్డాను. పెంకు మీద నడవడం. నిలబడడం. కాళ్లకు ఆ సంగతి నచ్చలేదు. మూడు కాయలూ నా పక్కన తడిగుడ్డలో ఉన్నాయి. చెయ్యెత్తాను. అవతల లసుమ దిగి ఉరుకు మొదలుపెట్టింది. ఆమె ఉరకాల్సిందే, ఆ పక్క గద్దె లేదు.

ఆమె నాకు ఎదురుగా రాగానే విసిరాను. నా జన్మలో అంత నున్నటి విసురు లేదు. ఎప్పటిలాగే సూటిగా, ఆమె రొమ్ముకే. కాయ వెళ్లేసరికి ఆమె అక్కడ లేదు. ఆమె ఉరుకుతోంది, నేను ఉరకడం లేదు. కాయలోకి ఎక్కాల్సిన నా ఉరుకు ఎక్కలేదు. అది ఆమె వీపు వెనకగా పోయి అవతలి అంచుకు కొట్టుకుని నెర్రెలోకి జారింది.

అప్పుడు తెలిసింది. తెలియడానికి ఒక కాయ ఖర్చయింది.

లసుమ గట్టెక్కి, వెనక్కి పోయి, మళ్లీ దిగి ఉరికింది. రెండోసారి ముందుకు గురిపెట్టాను. ఆమె ఎక్కడికి చేరుతుందో చూసి, ఆ ఖాళీ జాగాలోకి విసరాలి. కళ్లు సరే అన్నాయి. చెయ్యి ఒప్పుకోలేదు. మనిషి లేని చోటికి విసరడమంటే దానికి కాయను పారెయ్యడమే. ఆఖరి క్షణంలో బిగుసుకుపోయింది, పైగా కింద నుంచి తోసే కాళ్లు లేవు. కాయ నెర్రె దాటలేదు.

ఈలోగా రేకుల అంచు ఎర్రబారింది. గద్దె ఒక పక్కకు ఒరిగింది. గట్టు మీది నుంచి రాజలింగన్న అరుస్తున్నాడు. "ఎనుకకు రా ఓదెక్కా! ఒంగుతంది, ఎనుకకు రా!"

ఒక్క కాయ మిగిలింది. వెనక్కి పరిగెత్తి గట్టెక్కి, ఉత్తరపు దారికి పోయి, అక్కడి నుంచి పెంకు మీదికి దిగి దక్షిణానికి ఉరుకు అందుకున్నాను. నాకు తెలిసిన పని చేద్దామనుకున్నాను. లసుమ అవతల మళ్లీ దిగింది, ఉరికింది. ఇద్దరం జోడయ్యాం. నడుం మెలిపెట్టాను. ఎడ్డవైపు నుంచి నేను ఇంతకంటే బాగా ఎప్పుడూ విసరలేదు. ఎప్పటికీ విసరలేను.

కానీ లసుమ కూడా నేర్చుకుంది కదా. మొదటిది తన వెనక్కి పోవడం చూసింది. రెండోది పొట్టిపడడం చూసింది. అక్క చెయ్యి ఈ పొద్దు వెనకబడుతోందనుకుంది. నేను కాయ వదిలే వేళకు అది నా కోసం తగ్గింది. అడుగు పొట్టి చేసి, అంచు వైపు జరిగి, దాదాపు నిలబడి చేతులు చాచింది. నేను దాని కోసం సరిచేసుకున్నాను, అది నా కోసం సరిచేసుకుంది. కాయ దాని ముందు నుంచి దూసుకుపోయి, అవతలి పెంకు మీద పడి, నాలుగు గెంతులు గెంతి ఆగింది.

ఆగినందుకు పెంకు ఊరుకోలేదు. లసుమ ఎడమకాలు చీలమండ దాకా దిగబడింది. లాక్కుంది. అది అరిచే ఉంటుంది, నాకు వినబడలేదు. కుంటుతూ, దాదాపు దొర్లుతూ గట్టు చేరింది. హాలులోంచి ముసలి ఎల్లయ్య, దవాఖానలో పాత కాపలాదారు, వచ్చి చంకల్లో చేతులేసి లాక్కుపోయాడు.

నేను గట్టెక్కి కూలబడ్డాను. రాజలింగన్న నా పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. అప్పుడే చెప్పిన కదా అని కూడా అనలేదు. అన్నా బాగుండేది.

విసురు లేదు

కాయ కనబడుతోంది.

అవతలి పెంకు మీద, లసుమ కాలు దిగబడిన చోటికి పదిపన్నెండు అంగల దూరంలో, ఎండలో మెరుస్తూ ఉంది. రబ్బరు తడిపి కుట్టిందట జుబేదా, కొన్నాళ్లు ఆగుతుందట. గాలిగానీ దుమ్ముగానీ దాన్ని కదిలించలేదు. కన్ను మూసినా అదే కనబడుతోంది.

హాలువాళ్లు వెదురుగడలు కలిపి కట్టి గట్టు మీది నుంచి అందుకోవాలని చూశారు. సగం దూరానికే గడ అంటుకుంది. ఉరకగలిగిన మనిషి అక్కడ లసుమ ఒక్కతే.

దీపం పసుపుకు మారింది. పసుపు తర్వాత రంగు లేదు.

లసుమ హాలు మెట్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. కాలికి కట్టిన గుడ్డ ఇక్కడికి తెల్లగా కనబడుతోంది. నేను గట్టు మీదికి రాగానే రెండు చేతులూ పైకెత్తింది. ఆ గుర్తుకు అర్థం, నేను సిద్ధం, నువ్వు దిగు.

నేను చూడనట్టు తల తిప్పేసుకున్నాను.

విసురు లేదు

ఇవాళ కూడా చేతులెత్తింది.

అది ఏమడుగుతోందో నాకు తెలుసు. అది ముందు అడుగు వెయ్యదు, అది మా నియమం. నియమం ఒక్కటే కాదు, ఆ పొగలో ఎంత వేగంగా పోవాలో దానికి నన్ను చూస్తేనే తెలుస్తుంది. ఒంటరిగా దిగితే ఆ కాలితో మెల్లగా పోతుంది. మెల్లగా పోతే మునుగుతుంది. నేను ఇక్కడ ఉరికితే, నన్ను చూసి నొప్పి మరిచి ఉరుకుతుంది. వంగి కాయ తీసుకుంటుంది. ఆ తర్వాత? గట్టు వైపు తిరగాలంటే ఆ కాలితోనే గట్టిగా తన్ని తిరగాలి. ఆ కాలు తన్నుతుందా?

జుబేదాను అడిగాను. ఏడ్చింది. రాజలింగన్న నేల చూస్తూ, "ఉరక్కుంటె అందరు పోతరక్కా. ఉరికితె..." అని ఆపేశాడు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. బయటివాళ్లకది సామెత. మాకు అడ్రసు.

నేను దిగలేదు. నాకు భయమేసింది. నా చెల్లెల్ని నా కాళ్లతో నేనే పిలిచి చంపుకోవాలా అని రాత్రంతా ఏడ్చాను. దవాఖాన హాలులో ముప్పై మంది ఉన్నారని తెలుసు. వాళ్ల పేర్లు కూడా తెలుసు. అయినా నాకు కనబడేది ఆ తెల్లగుడ్డ కట్టిన కాలే.

విసురు 316

విసిరింది: లసుమ.

పొద్దున దీపం వణుకుతోంది. లసుమ మెట్ల మీద లేదు. గట్టు అంచున నిలబడి ఉంది, ఒక చెయ్యి ఎల్లయ్య భుజం మీద. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తింది. దించలేదు. నేను చెప్పులు కట్టుకునేంతసేపూ అలాగే ఎత్తి ఉంచింది.

దిగాను.

వట్టిచేతులతో ఉరకడం ఎంత ఖాళీగా ఉంటుందో నాకు ఇన్నేళ్లకు తెలిసింది. అవతల అది దిగింది. మొదటి అడుగుకే దాని తల పక్కకు వాలింది. నేను వేగం తగ్గించాలనుకున్నాను, ప్రాణం కొట్టుకుంది, తగ్గించలేదు. తగ్గిస్తే అది తగ్గిస్తుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ముందేముందో చూడలేదు, దాన్నే చూస్తూ ఉరికాను. జోడుగా వచ్చింది. కుంటికాలితో నాకు జోడుగా వచ్చింది. అది వంగడం చూశాను. లేచినప్పుడు దాని చేతిలో కాయ ఉంది.

గట్టు దాని కుడిపక్కన ఉంది. తిరగబోయింది. కాలు తన్నలేదు. ఇంకోసారి తన్ని చూసింది. ఆ కాలు తిరగనివ్వదిక. అయినా ఉరుకుతోంది, సూటిగా, గట్టుకు దూరంగా. మళ్లీ తిరగబోతే పడుతుందని దానికి తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది.

లసుమ జన్మలో ఎన్నడూ విసరలేదు. పట్టడమే దాని పని. మొన్న మూడు వారాలు నేను ఎడ్డవైపు తిరిగి ఏడుస్తూ విసరడం మాత్రం అవతల నుంచి చూసింది. ఇప్పుడది దక్షిణానికి ఉరుకుతోంది, కుడిచేతిది, విసరాల్సింది కుడిపక్కకు. అదే ఎడ్డవైపు. నా నడుం ఎలా మెలిపెడతానో అచ్చం అలాగే మెలిపెట్టింది. నన్ను వెక్కిరించినప్పుడు చేసేదే. గట్టు మీద ఎల్లయ్య చేతులు చాచి నిలబడ్డాడు. నిలబడ్డ మనిషికి ఉరికే మనిషి విసిరితే ఉరుకు కాయను ముందుకు ఈడ్చుకుపోతుంది, అందుకని వెనక్కి గురిపెట్టాలి. నేను గద్దె మీద నిలబడి, తెలిసినా చేతికి ఎక్కించలేకపోయిన లెక్క. అది ఉరుకుతూ తెలుసుకుంది. ఎల్లయ్యను దాటొచ్చేశాక, ఆయనకు ఇంకా వెనక్కి గురిపెట్టి వదిలింది.

కాయ ఎల్లయ్య కడుపుకు తగిలింది. ఆయన కాయతోపాటే వెనక్కి పడ్డాడు. గట్టినేల మీద పడ్డాడు.

లసుమ ఇంకో మూడు అడుగులు ఉరికింది. నా వైపు చూసింది. గుండె మీద అరచెయ్యి పెట్టి చూపించింది.

నేను ఉరుకుతూనే ఉన్నాను. నా పక్కన జోడు లేదు.

విసురు లేదు

లారీలు వచ్చాయి. జుబేదా ఎక్కింది. రాజలింగన్న నా మూట కూడా ఎక్కించి పిలిచి పిలిచి ఊరుకున్నాడు. ఈ వారం గడవనీ అన్నాను. ఆయన మూట దించేసి పోయాడు, పోతూ పోతూ తన టార్చిలైటు ఇచ్చిపోయాడు.

గుట్ట మీద ఎవరూ లేరు. జల్లెడలు లేవు. నెర్రె ఇంకో బారెడు వెడల్పయింది. కాయ ఉన్నా నా చేతికి అందదు.

పొద్దున గట్టు మీదికి వెళ్లాను. హాలు మెట్ల మీదికి ఎల్లయ్య గట్టయ్యను మంచంతో సహా తెచ్చి పెట్టాడు. గట్టయ్య పెంకు వైపు చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. కాసేపటికి ఆయన కూడా చెయ్యి లేపాడు.

దీపం పచ్చగా ఉంది. వారం ఉంటుంది. ఈ వారం వాళ్లు పీల్చే గాలి లసుమ విసిరింది. నేను పిలిస్తే వచ్చి విసిరింది.

రోజూ పొద్దున్నే పెంకు అంచుకు పోయి రాళ్లు విసిరి వింటున్నాను. ఎక్కడ విసిరినా డప్పే మోగుతోంది.